షుగర్ ప్రాజెక్టుకి బయటి ఫండ్: గుణుపురం వైపు నుంచి ఎలా రాయాలి?

వంశధార_గట్టు (గుణుపురం)

అందరికీ నమస్కారం. ఒడిశా రాయగడ జిల్లా గుణుపురంలో మాదొక చిన్న సొసైటీ. రక్తదానం, కంటి ఆపరేషన్లకి మనుషుల్ని తీసుకెళ్లడం, ఇంతవరకే మా పని. ఈమధ్య ఎవరింటికెళ్లినా షుగర్ మాటే. షాపులవాళ్లకీ ఉద్యోగస్తులకీ వచ్చే జబ్బని అనుకునేవాళ్లు ఇక్కడ. ఇప్పుడు కొండల మీది సవర గిరిజనుల ఊళ్ల నుంచి కూడా కాలి పుండు మానక దిగి వస్తున్నారు.

పేద దేశాల్లో షుగర్ పనులకి విదేశీ ఫౌండేషన్లు గ్రాంట్లు ఇస్తాయట. డెన్మార్క్‌లో వరల్డ్ డయాబెటిస్ ఫౌండేషన్ అని ఉందని ఒకరు చెప్పారు. మేం వేసుకున్న బడ్జెట్‌లో పెద్దవి మూడు: నెలకో క్యాంపు, రెండు మూడు నెలల షుగర్ సగటు చూసే హెచ్‌బీఏ1సీ మెషీను, ఒక వ్యాను. ఇలాంటి ప్రపోజల్ రాసిన అనుభవం ఉన్నవాళ్లు కాస్త దారి చెప్పండి.

బరంపురం_లెక్కలు

తమ్ముడూ, ముందు కాగితాల సంగతి. మీకు ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్, ఉందా? లేకపోతే బయటి దేశం డబ్బు ఒక్క పైసా ముట్టుకోలేరు. 2020లో ఇంకా బిగించారు. సంస్థకి మూడేళ్లు నిండాలి, ఆ మూడేళ్లలో అసలు పనుల మీద కనీసం 15 లక్షలు ఖర్చు చూపించాలి. డబ్బు వచ్చేది ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాకే. ఆఫీసు ఖర్చులకి ఇదివరకు 50 శాతం దాకా ఊరుకునేవారు, ఇప్పుడు 20 దాటకూడదు.

మనలాంటి చిన్నవాళ్లకి అసలు దెబ్బ ఇంకొకటి. పెద్ద సంస్థ తెచ్చుకున్న విదేశీ డబ్బులోంచి చిన్న సంస్థకి పంచడం పూర్తిగా ఆపేశారు. భువనేశ్వర్ సంస్థ పేరు మీద తెచ్చి రాయగడలో పని చేసుకునే రోజులు పోయాయి. ఒక దాత ఫలానా పనికి ఇంత ఇస్తానని ఉత్తరం ఇస్తే ముందస్తు అనుమతికి పెట్టుకోవచ్చు. అది వచ్చేదాకా ఓపిక ఉండాలి.

మీరన్న ఫౌండేషన్‌ని నోవో నార్డిస్క్ కంపెనీ 2002లో పెట్టింది. నర్సులకీ డాక్టర్లకీ శిక్షణ, స్క్రీనింగ్, ప్రభుత్వాసుపత్రుల్లో షుగర్ క్లినిక్కులు, పాదాల సంరక్షణ, గర్భిణులకి పరీక్షలు, ఇలాంటి వాటికి మన దేశంలో కూడా చాలా ప్రాజెక్టులకి ఇచ్చారు. నేనైతే మొదటి పేజీలో వ్యాను మాట ఎత్తను.

జయపురం_మాస్టారు

లెక్కలు గారు చెప్పింది కాగితం గోడ. దాని వెనకాల ఇంకో గోడ ఉంది బాబూ.

2024 లెక్క ప్రకారం ప్రపంచంలో షుగర్ ఉన్న పెద్దవాళ్లు 58.9 కోట్లు. ప్రతి ఐదుగురిలో నలుగురు పేద, మధ్యాదాయ దేశాల్లోనే ఉన్నారు. ధనిక దేశాలు ఆరోగ్యం పేరిట పేద దేశాలకి ఇచ్చే సాయంలో మాత్రం షుగర్, బీపీ, గుండె, క్యాన్సర్ లాంటివన్నీ కలిపినా దక్కేది నూటికి రెండు రూపాయలు, అటూ ఇటుగా. ఆ ఫౌండేషన్ పుట్టిన 2002లోనే ఎయిడ్స్, టీబీ, మలేరియాలకి గ్లోబల్ ఫండ్ కూడా పుట్టింది. ఆ మూడు జబ్బులకీ మందులు ఊరిదాకా ఎలా వచ్చాయో మనం చూశాం. షుగర్‌కి అలాంటి పెద్ద సంచీ ఎవరూ కుట్టలేదు.

ఎందుకంటే ఇది తగ్గిపోయే జబ్బు కాదు. దాతకి మూడేళ్లలో ఫొటో కావాలి. షుగర్ మనిషికి ముప్ఫై ఏళ్లు బిళ్ల కావాలి.

మా వైపు ఒక కంపెనీ వాళ్లు సీఎస్ఆర్ (కంపెనీలు సమాజసేవకి పెట్టే డబ్బు) క్యాంపు పెట్టారు. షామియానా, బ్యానరు, అరటిపండు, నీళ్ల బాటిలు. వేలు గుచ్చి, చీటీ మీద అంకె రాసి చేతిలో పెట్టారు. 286 అని ఉన్న చీటీని ఒక ముసలామె మడిచి రేషన్ కార్డు కవర్లో దాచుకుంది. ఆ అంకె మంచిదో చెడ్డదో ఆమెకి చెప్పినవాళ్లు లేరు. ఆమె పేరు ఏ రిజిస్టర్లోకీ ఎక్కలేదు. కంపెనీ వార్షిక నివేదికలో మాత్రం 'లబ్ధిదారుల'లో ఆమె కూడా ఒక అంకె అయ్యే ఉంటుంది. కాబట్టి నెలకో క్యాంపు అన్న మాట మీద నాకు గౌరవం లేదు, ఏమీ అనుకోకు.

రాయగడ_మందులకొట్టు

మాస్టారూ, ఆ చీటీలు నా కౌంటర్ దాకా వస్తాయి. "బాబూ దీనికి బిళ్ల ఇయ్యి" అంటారు. చీటీ చూసి బిళ్ల ఎలా ఇస్తాం?

గట్టు అన్నా, నా కొట్టులో కనబడే లెక్క చెప్తాను. మెట్‌ఫార్మిన్ అంత ఖరీదు కాదు. జన ఔషధిలో బిళ్ల రూపాయి లోపే పడుతుంది. సర్కారు ఆసుపత్రిలో నిరామయ అనే ఒడిశా ఉచిత మందుల పథకం కింద ఉచితం, స్టాకు ఉంటే. మనిషిని ముంచేది రక్తపు చుక్క వేసి షుగర్ చూసే స్ట్రిప్పులు. మీటరు ఎవరో ఒకరు ఊరికే ఇస్తారు, ఆ మీటరుకి సరిపడే స్ట్రిప్పు వాళ్ల దగ్గరే కొనాలి. ఒక్కోటి పదిహేను, ఇరవై రూపాయలు. కూలికెళ్లేవాడు నెలకి నాలుగు కొంటే గొప్ప. ప్రాజెక్టులు పంచిన మీటర్లు స్ట్రిప్పులు లేక అటకెక్కడం చూస్తూనే ఉన్నాం. మీ బడ్జెట్‌లో మీటరు పక్కన స్ట్రిప్పులు ఎన్ని రాశారో, అవి అయిపోయాక ఎవరు కొంటారో చూసుకోండి.

ఇంకొకటి. విదేశాల నుంచి దానంగా వచ్చే ఇన్సులిన్ సీసా మీద 100 అని ఉంటుంది, అంటే మిల్లీలీటరుకి 100 యూనిట్లు. మన దగ్గర మామూలుగా దొరికే సీసా 40ది. దానికి ఎర్ర మూత సిరంజి, 100దానికి నారింజ మూత సిరంజి. 100 సీసాలోంచి ఎర్ర మూత సిరంజితో పది గీతలు లాగితే ఒంట్లోకి వెళ్లేది ఇరవై ఐదు యూనిట్లు. మనిషి పడిపోతాడు. ఉచిత ఇన్సులిన్ అనగానే సంబరపడకండి, ఏ సీసా, ఏ సిరంజి అని ముందు అడగండి.

నాగావళి_సిస్టర్

నేను ఇదే జిల్లాలో సబ్‌సెంటర్లో పని చేస్తున్నాను, ఏ బ్లాకో చెప్పను. క్యాంపు వద్దు అనడానికి నా దగ్గర ఇంకో కారణం ఉంది. ముప్ఫై దాటిన ప్రతివాళ్లకీ ఆశా దీదీ ఇంటికెళ్లి సీబ్యాక్ ఫారం నింపాలి. పొగాకు, సారా, నడుము కొలత, ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా అని మార్కులేస్తారు. నాలుగు దాటితే ముందు మా దగ్గరికి పంపాలి. అంటే వెతికే పని కాగితం మీద ఇప్పటికే ఉంది, కేంద్రం 60, రాష్ట్రం 40 వాటాతో డబ్బూ ఉంది. తెగిపోయేది ఆ తర్వాత. పీహెచ్‌సీకి వెళ్లమంటాను. ఆరోజు డాక్టర్ ఉండరు. మళ్లీ వెళ్లాలంటే ఒకరోజు కూలి, ఆటో ఖర్చు. మూడోసారి వెళ్లరు. మీ డబ్బు ఆ మధ్యలో పెట్టండి.

హెచ్‌బీఏ1సీ మెషీను సంగతి. దయచేసి మన వైపు దాని మీద అంత ఆశ పెట్టుకోకండి. ఆ పరీక్ష ఎర్ర రక్తకణాలకి అంటుకున్న చక్కెరని కొలుస్తుంది. మామూలు కణం 120 రోజుల దాకా బతుకుతుంది కాబట్టి రెండు మూడు నెలల సగటు తెలుస్తుంది. సికిల్ సెల్ జబ్బు (ఎర్ర కణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) ఉన్నవాళ్లకి కణాలు చాలా ముందే చచ్చిపోతాయి. షుగర్ ఎక్కువున్నా అంకె తక్కువ చూపిస్తుంది. ఐరన్ తక్కువైన రక్తహీనతలో ఉల్టా, ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. సికిల్ లక్షణం మోస్తున్నవాళ్లలో కొన్ని రకాల మెషీన్లు తప్పు చదువుతాయి. మన కొండల్లో ఈ మూడూ ఉన్నాయి. దాతల ఫారంలో "సగటు ఏ1సీ ఎంత తగ్గింది" అని గడి ఉంటుంది. అది నింపడానికి మెషీను కొని, తప్పు అంకెలు పంపుతారు. పరగడుపు, తిన్నాక చేసే పరీక్షలే ఇక్కడ నమ్మకం.

కాకర_వైద్యం

ఇవన్నీ ఎందుకండీ, మా కాకర–నేరేడు గింజల పొడి నలభై రోజులు [లింకు తొలగించబడింది]

మోడరేటర్

పొడుల లింకులు మూడోసారి తీసేశాం. నాలుగోసారి ఖాతానే తీసేస్తాం. చర్చ కొనసాగించండి.

పర్లాకిమిడి_అక్క

సిస్టర్ గారూ, మా తమ్ముడికి టైప్ 1, అంటే ఒంట్లో ఇన్సులిన్ తయారు కాని రకం. తొమ్మిదో ఏట వచ్చింది. ఇలాంటి చర్చల్లో అందరూ పెద్దవాళ్ల గురించే మాట్లాడతారు, పిల్లల పేరు రాదు. వాళ్లకి ఇన్సులిన్ వారం ఆగితే ప్రాణం పోతుంది. 1921లో ఇన్సులిన్ కనిపెట్టిన టొరంటో వాళ్లు పేటెంటుని యూనివర్సిటీకి ఒక్కొక్కరూ ఒక్క డాలరుకి రాసిచ్చేశారు. నూరేళ్లు దాటింది. ఇంకా పిల్లలకి ఇన్సులిన్ దొరకడం అదృష్టమే చాలా దేశాల్లో. 2000లో మొదలైన లైఫ్ ఫర్ ఎ చైల్డ్, 2009లో వచ్చిన చేంజింగ్ డయాబెటిస్ ఇన్ చిల్డ్రన్ లాంటివి పిల్లలకి ఇన్సులిన్, స్ట్రిప్పులు, శిక్షణ ఇస్తాయి. అవి నేరుగా మన సొసైటీల చేతికి డబ్బివ్వవు, ఆసుపత్రి క్లినిక్కుల ద్వారా నడుస్తాయి. మీ ప్రాజెక్టులో పిల్లల జాబితా తయారుచేసి బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీకో, కొరాపుట్ మెడికల్ కాలేజీకో కలిపినా పుణ్యమే.

ఫ్రిజ్ లేదని భయపడేవాళ్లకి చెప్పండి: వాడుతున్న సీసాని నెల రోజులదాకా బయట ఉంచుకోవచ్చు, ఎండ తగలకుండా, మరీ వేడెక్కకుండా చూసుకుంటే చాలు. మేం మట్టికుండలో ఇసుక పోసి తడిపి మధ్యలో చిన్న డబ్బాలో పెట్టేవాళ్లం. శరణార్థి శిబిరంలో ఉండే వేడిని లెక్కలోకి తీసుకుని డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ వాళ్లు చేయించిన ల్యాబ్ పరీక్షల్లో కూడా 25 నుంచి 37 డిగ్రీల మధ్య నాలుగు వారాలు ఇన్సులిన్ పాడవలేదని తేలింది. స్కూల్లో మధ్యాహ్నం సూది వేసుకోవడానికి తలుపున్న గది మాత్రం ఇప్పటికీ దొరకదు.

విశాఖలో_రాయగడ

అన్నీ బాగానే ఉన్నాయి కానీ నాకొక సందేహం. ఇన్సులిన్ అమ్మే కంపెనీ, షుగర్ పేషెంట్లని వెతికిపెట్టే ఫౌండేషన్‌కి డబ్బిస్తోంది. వెతికిన కొద్దీ మార్కెట్ పెరగదా? మనం వాళ్లకి ఊరూరా తిరిగి కస్టమర్లని చూపిస్తున్నట్టు అవదా?

జయపురం_మాస్టారు

సందేహం న్యాయమైనదే. ఆ ఫౌండేషన్ వేరే బోర్డుతో, కంపెనీ నుంచి విడిగా ఉన్న సంస్థ, ఫలానా బ్రాండు రాయాలన్న షరతు లేదు అంటారు. అయినా డబ్బు ఊట మాత్రం ఆ కంపెనీ మందుల అమ్మకాల్లోనే ఉంది. నేనైతే తీసుకుంటాను, ప్రపోజల్లో ఒక వాక్యం మాత్రం ఇరికిస్తాను: మందులు సర్కారు ఉచిత జాబితాలోవే వాడతాం, జెనరిక్ పేర్లే రాస్తాం అని. దానికి అభ్యంతరం చెప్పిన దాత దగ్గర తీసుకోవద్దు.

విశాఖలో_రాయగడ

మరి సర్కారు జాబితాలో ఉన్నవి స్టాకు అయిపోయినప్పుడో? అప్పుడు రాయగడ నుంచి రైలెక్కి పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం దాటుకుంటూ విశాఖ వస్తారు. కేజీహెచ్‌లో మన వైపు మనుషులు ఎంతమంది కనబడతారో నేను చూస్తున్నాను. కాలు తీసేయాలన్న స్థితిలోనే వస్తారు. ఇది సర్కారు పని. సొసైటీలు గ్రాంటు తెచ్చి చేసేకొద్దీ సర్కారు చేతులు దులుపుకుంటుంది.

నాగావళి_సిస్టర్

అన్నయ్యా, సర్కారు అంటే నేనే కదా ఇక్కడ. నేను చేతులు దులుపుకోవడం లేదు. నాకు కావలసింది నా పక్కన ఇంకో మనిషి.

కాలు అన్నారు కాబట్టి. టాంజానియాలోనూ మన దక్షిణాసియాలోనూ ఆ డెన్మార్క్ ఫౌండేషన్ సాయంతో పాదాల సంరక్షణకి 'స్టెప్ బై స్టెప్' అని నడిపారు. డాక్టరూ నర్సూ జంటగా శిక్షణ తీసుకుని పుండ్లు ముందే పట్టుకోవడం. అందులో ఖరీదైన సామాను పెద్దగా ఉండదు. పాదం కింద మొద్దుబారిందో లేదో చూడ్డానికి నైలాన్ దారం లాంటి మోనోఫిలమెంట్, పుండు శుభ్రం చేసే చేయి, మెత్తటి చెప్పులు. మన దగ్గర ఆ చెప్పులతోనే చిక్కు. నల్ల ఎమ్‌సీఆర్ (మెత్తటి రబ్బరు అడుగు) చెప్పులు ఇచ్చేది కుష్ఠు ప్రోగ్రాంలో. అవి వేసుకుంటే ఊళ్లో "ఆ జబ్బు" అనుకుంటారని షుగర్ వాళ్లు ముట్టుకోరు. ఒకాయన ఇంటికి పట్టుకెళ్లి గోతాం కింద దాచేశాడు. అదే రబ్బరు అడుగుతో రంగు పట్టీలు వేసి కుట్టించండి. గుణుపురం సంతలో కుట్టేవాళ్లు ఉన్నారు. దాతకి చెప్పుకోవడానికి చిన్న పని, కాలు మిగిలేది దానివల్లే.

వంశధార_గట్టు

సిస్టర్ గారూ, పక్కన ఇంకో మనిషి అన్నారు కదా, ఎవరిని పెట్టాలి? నర్సుకి జీతం మేం ఇవ్వలేం.

జయపురం_మాస్టారు

కంబోడియాలో మోపోత్స్యో అని ఒక సంస్థ ఉంది, 2004 నుంచి. వాళ్లు షుగర్ ఉన్నవాళ్లకే శిక్షణ ఇచ్చి ఊళ్లలో తోటి పేషెంట్లకి నేర్పే మనుషులుగా నిలబెట్టారు. మొదటి వడపోతకి మూత్రం స్ట్రిప్పు, అది వేలు గుచ్చి చూసే స్ట్రిప్పు కంటే చవక. తేడా ఉన్నవాళ్లకే రక్తపరీక్ష. మందులకి తిరుగుడు నిధి: మొదటి స్టాకుకి దాత డబ్బు, ఆ తర్వాత పేషెంటు తక్కువ రేటుకి కొన్న డబ్బుతోనే మళ్లీ స్టాకు. దాత వెళ్లిపోయినా మందు ఆగకూడదన్నది లెక్క.

విశాఖలో_రాయగడ

మాస్టారూ, ఉచితంగా రావాల్సిన మందుకి సవర కూలీ చేత డబ్బు కట్టిస్తారా?

జయపురం_మాస్టారు

ఉచిత మందు నెలలో పది రోజులు లేకపోతే ఆ పది రోజులు ఏం మింగాలి? బయట కొంటే ఎంత, నిధిలో కొంటే ఎంత అని చూడు. ఉచితం ఉన్నన్నాళ్లు ఉచితమే.

విశాఖలో_రాయగడ

ఒకసారి డబ్బు పెట్టె తెరిస్తే ఆసుపత్రి స్టాకు ఇంకా తగ్గుతుంది, రాసిపెట్టుకోండి. నేను ఒప్పుకోను.

రాయగడ_మందులకొట్టు

ఇద్దరిదీ నిజమే అనిపిస్తోంది. నా వ్యాపారానికి మాత్రం మాస్టారి ఆలోచన నష్టం, అది వేరే సంగతి :)

చోడంబలి (కొరాపుట్)

నివారణ మాట ఎవరూ ఎత్తలేదు. మీ ప్రపోజల్లో పోస్టర్లు ఉంటాయి కదా, "బరువు తగ్గండి, తక్కువ తినండి, పొద్దున్నే నడవండి". పొద్దున్నే కట్టెల కోసం కొండెక్కి దిగే మనిషికి నడవమని చెప్పే పోస్టరు అది. మన దగ్గర ఎముకలు కనబడేవాళ్లకి కూడా షుగర్ వస్తోంది. చిన్నప్పటి తిండి లేమితో వచ్చే ఈ రకాన్ని కటక్ డాక్టర్లు దశాబ్దాల కిందటే రాసిపెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో దాన్ని వేరే రకంగా గుర్తించి, 1999లో జాబితాలోంచి తీసేసింది. 2025 ఏప్రిల్‌లో బ్యాంకాక్‌లో అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య మళ్లీ టైప్ 5 అని పేరు పెట్టింది. వీళ్లకి అన్నం తగ్గించమని చెప్తే మనిషి ఇంకా చిక్కిపోతాడు. పప్పు, గుడ్డు, చేప పెంచమనాలి.

పట్నంలో ఉన్నవాళ్ల సంగతి వేరు. చెన్నైలో చేసిన పరీక్షలో షుగర్ అంచున ఉన్నవాళ్లకి తిండి, నడక మార్పించి మూడేళ్లు వెంటపడితే, కొత్తగా జబ్బులోకి దిగేవాళ్లు 28.5 శాతం తగ్గారు. మెట్‌ఫార్మిన్ ఇచ్చినా దాదాపు అంతే తగ్గింది. అంటే వెంటపడే మనిషికి మందుతో సమానమైన పని ఉంది. బడ్జెట్ అడిగితే ఈ ఒక్క లెక్క చూపించండి.

చోళ్ల (రాగుల) సంగతి కూడా చెప్తాను, నా పేరే అది కాబట్టి. 2017 నుంచి ఒడిశా మిల్లెట్ మిషన్ వచ్చాక చోళ్లకి ధర దొరికింది. బాగుంది. కానీ ధర వచ్చాక అమ్మేసి రేషన్ బియ్యం తినే ఇళ్లు మా ఊళ్లో ఉన్నాయి. పండించిన దాంట్లో కొంత ఇంట్లో మిగిలేలా చూడాలి. పల్చటి అంబలి కూడా షుగర్ పెంచుతుంది, చోడి అంటే మందు అని ప్రచారం చేయకండి.

నాగావళి_సిస్టర్

చోడంబలి గారి టైప్ 5 మాట ముఖ్యం. సన్నగా ఉన్న కుర్రాడికి షుగర్ 400 వస్తే టైప్ 1 అనుకుని కుప్పలు ఇన్సులిన్ రాసేస్తున్నారు, కొందరికి షుగర్ పడిపోతోంది. పెద్దాసుపత్రిలో తేల్చాకే మోతాదు. మీ శిక్షణలో ఇది పెట్టండి.

ఇంకా, సవర భాష వచ్చినవాళ్లని తీసుకోండి. తెలుగులోనో ఒడియాలోనో చెప్తే తలూపుతారు, ఇంటికెళ్లి మానేస్తారు.

బరంపురం_లెక్కలు

డబ్బు దగ్గరికి వద్దాం. ఎఫ్‌సీఆర్‌ఏ లేనప్పుడు దగ్గరి సంచీలు రెండున్నాయి. ఒకటి డీఎంఎఫ్, గనుల డబ్బుతో నడిచే జిల్లా ఖనిజ నిధి. 2015 చట్ట సవరణతో వచ్చింది. పాత గనుల లీజుదారు రాయల్టీ మీద ఇంకో 30 శాతం, వేలంలో వచ్చిన కొత్తవాళ్లయితే 10 శాతం జిల్లా నిధికి కట్టాలి. ఆరోగ్యం అందులో ముందువరస పని. రాయగడ జిల్లాలో కాశీపూర్ వైపు బాక్సైటు ఉంది కాబట్టి నిధి ఉంది. చిక్కేమిటంటే గని ప్రభావిత ఊళ్లకే మొదటి వాటా. గుణుపురం సబ్‌డివిజన్‌కి ఆఖర్లో వస్తుంది. జిల్లా మొత్తానికి పాదాల క్లినిక్ అని సీడీఎంఓ (జిల్లా ప్రధాన వైద్యాధికారి) గారి చేత అడిగిస్తే అవకాశం ఉంది. సొసైటీ పేరు మీద అడిగితే ఫైలు కదలదు.

రెండోది సీఎస్ఆర్. సీఎస్ఆర్ డబ్బు తీసుకోవడానికి సీఎస్ఆర్–1 రిజిస్ట్రేషన్ నంబరు, ఆదాయపన్ను శాఖ నుంచి 12ఏ, 80జీ గుర్తింపులు ఉండాలి. 'కొనసాగే ప్రాజెక్టు' అని రాస్తే మొదలుపెట్టిన సంవత్సరం కాక ఇంకో మూడేళ్లదాకా వెళ్లొచ్చు. కంపెనీ వాళ్లు బోర్డు, వ్యాను అడుగుతారు. వ్యాను బదులు పాదాల గదికి వాళ్ల పేరు పెట్టండి.

ఏ దాతకి రాసినా 2022లో ప్రపంచ ఆరోగ్య సభ పెట్టుకున్న 2030 లక్ష్యాలు వాడుకోండి: జబ్బున్నవాళ్లలో 80 శాతాన్ని గుర్తించడం, గుర్తించినవాళ్లలో 80 శాతానికి షుగర్ అదుపులో ఉండటం, టైప్ 1 ఉన్న ప్రతి ఒక్కరికీ ఇన్సులిన్, స్ట్రిప్పులు అందడం. క్యాంపుకి ఎంతమంది వచ్చారన్న అంకె మీదికి దాత చూపు పోకుండా ఉంటుంది.

వంశధార_గట్టు

అందరికీ దండాలు. రాత్రి కూర్చుని బడ్జెట్ మార్చాను. వ్యాను, మెషీను తీసేశాం. ఒక బ్లాకు, నాలుగు సబ్‌సెంటర్లు. షుగర్ ఉన్న మనుషుల్నే ఊరికొకరిని తీసుకుని శిక్షణ, సవర వచ్చినవాళ్లకి మొదటి చాన్సు. పీహెచ్‌సీకి వెళ్లే రోజు ఆటో ఖర్చు, కానీ డాక్టర్ ఉన్నారని ముందురోజు ఫోన్ చేసి తెలుసుకున్నాకే. మోనోఫిలమెంట్లు, రంగు పట్టీల చెప్పులు. స్ట్రిప్పులు మూడేళ్లకి, నాలుగో ఏడు నుంచి సర్కారు కొంటుందని సీడీఎంఓ గారి ఉత్తరం జత చేయాలి. తిరుగుడు నిధి మీద మాలో మాకే గొడవ అవుతోంది, దాన్ని ఇప్పటికి పక్కన పెట్టాం. ముందు సీఎస్ఆర్‌కి పెడతాం, ఎఫ్‌సీఆర్‌ఏ పనులు పక్కన నడుస్తాయి.

విశాఖలో_రాయగడ

ఆ ఉత్తరం మీద సంతకం పడితే నాకు చూపించండి. పడ్డరోజు నేను మాట వెనక్కి తీసుకుంటాను.

పర్లాకిమిడి_అక్క

పిల్లలు ఎక్కడ?

వంశధార_గట్టు

అక్కా, నాలుగు సబ్‌సెంటర్లలో టైప్ 1 పిల్లల జాబితా, బరంపురం క్లినిక్కి మూడు నెలలకోసారి బస్సు ఖర్చు ఇద్దరికి, అని రాశాను. స్కూలు గది మాట హెడ్‌మాస్టర్లతో మాట్లాడాలి.

రాయగడ_మందులకొట్టు

సిరంజిలు రాయలేదు. ఎర్ర మూతవి, 40 యూనిట్లవి అని స్పష్టంగా రాయండి. ఒట్టి 'సిరంజిలు' అని రాస్తే టెండర్లో ఏది చవకైతే అది వచ్చి పడుతుంది.